రెండు నుంచి అయిదున్నర దాకా

పదో తరగతి పరీక్షలు ఇంకా పది వారాలున్నాయనగానే టైంటేబులు నోటీసు బోర్డు ఎక్కింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆడపిల్లలంతా బెల్లం చుట్టూ చీమల్లా దాని ముందు మూగారు. తుఫాను మాత్రం వెనకే నిలబడిపోయింది.

బడి రిజిస్టర్లో ఆమెకు వేరే పేరుంది. కానీ ఇంట్లోనూ వీధిలోనూ, చివరికి క్లాసులోనూ ఆమె తుఫానే. ఆమె నడిచిన దారిలో ఏదో ఒకటి పడిపోవాల్సిందే. నీళ్ళ చెంబు, స్టూలు, బట్టలు ఆరేసిన కర్ర, ఒకసారి సైకిలు, దానితోపాటు సైకిలు మీదున్న మనిషి. "తుఫాను తీరం దాటింది, సామాన్లు సర్దుకోండి" అని తండ్రి నవ్వేవాడు. తల్లికి నవ్వొచ్చేది కాదు. "కళ్ళు నెత్తికెక్కాయా? ఎదురుగా ఉన్నది కనపడదా?" అని రోజుకు రెండుసార్లయినా అనేది.

ఎదురుగా ఉన్నది కనపడేది. పక్కన ఉన్నదే కనపడేది కాదు. ఆ సంగతి తుఫానుకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు వాటాలవాళ్ళ పిల్లలంతా మేడ మీద దాగుడుమూతలు ఆడారు. తుఫానుకు తన చెయ్యి తనకే కనపడక గోడకు అతుక్కుపోయి నిలబడితే, మిగతా పిల్లలు ఒకరినొకరు తప్పుకుంటూ పరుగులు తీస్తున్నారు. చీకటంటే అందరికీ ఇంతే కాబోలు అని అప్పటిదాకా అనుకుంది. ఆ రోజు తెలిసింది, వాళ్ళు చూస్తున్నారని. ఆ తర్వాత పక్కలు పోవడం మొదలైంది. ఇప్పుడు పగటిపూట కూడా గొట్టం కళ్ళకు ఆనించుకుని లోకాన్ని చూస్తున్నట్టే ఉంటుంది. ఆ గొట్టం ఏటికేడు సన్నబడుతోంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే బడి మానిపిస్తారేమోనని భయం. డాక్టరు నోటి నుంచి ఏ మాట వినాల్సి వస్తుందోనని అంతకంటే పెద్ద భయం. తెలియనంతవరకు అది నిజం కాదన్న ఆశ ఒకటి గోరంత మిగిలుండేది.

గుంపు పలచబడ్డాక బోర్డు దగ్గరికెళ్ళి, తలను అటూ ఇటూ తిప్పుతూ ముక్కలు ముక్కలుగా చదువుకుంది. ఆరు పేపర్లు. ప్రతి పేపరు పక్కనా ఒకటే మాట: మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర దాకా. కేంద్రం: పాత టౌన్ హాలు.

"పొద్దున పూట కింది తరగతులవాళ్ళకట" అంది పక్క బెంచీ అమ్మాయి. "మనం హాయిగా పన్నెండింటిదాకా చదువుకోవచ్చు. అదృష్టమంటే మనదేనే!"

తుఫాను మళ్ళీ తల తిప్పి 'అయిదున్నర దాకా' అన్న మాట చదివింది. అప్పటికి పొద్దు వాలిపోతుంది.

తండ్రిది పుస్తకాల బైండింగు పని. ప్రెస్సు వెనక రేకుల షెడ్డులో పొద్దస్తమానం జిగురు బకెట్టు, దారం కండె, మనిషెత్తు కాగితం కోసే మిషను మధ్య ఉంటాడు. ఆఫీసుల రిజిస్టర్లు కుట్టి, వీపులకు గుడ్డ అంటించి, అంచులు కోస్తాడు. ఆ కోతల్లో మిగిలిన పెద్ద షీటొకటి ఆ సాయంత్రం తుఫాను అడిగి తెప్పించుకుంది. దాని మీద స్కేలుతో గళ్ళు గీసింది. పది వారాలు, వారానికి ఏడు రోజులు, రోజుకు ఏ పాఠం, ఎన్ని గంటలు. రాయడం పూర్తయ్యాక గోడకు అంటించింది.

తండ్రి నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ప్రభుత్వాలు కూడా ఇంత ముందుచూపుతో ప్లాను వెయ్యవే!" అని మురిసిపోయి, మర్నాడు షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు.

గోడకు అంటిన వైపు ఇంకో ప్లాను ఉంది. అది ఎవరూ చూడలేదు. 'అన్ని పాఠాలూ కంఠతా రావాలి. ప్రశ్నలు ముందే చదివేసుకోవాలి. నాలుగున్నరకల్లా పేపరు మొత్తం అయిపోవాలి. హాలు ముందుగా చూసి రావాలి, మెట్లు లెక్కపెట్టాలి.' మూడున్నర గంటల పేపరును రెండున్నర గంటల్లో రాయడమన్నమాట. అలారం గడియారం ముందు పెట్టుకుని రోజూ సాధన మొదలుపెట్టింది. చూపుడువేలు మీద కాయ కాసింది. చెయ్యి లాగేస్తుంటే పంటి బిగువున రాసేది. నిద్రలో కూడా గడియారం టిక్కుటిక్కుమంటూ వెంటపడేది.

ముందు గదిలో ఆమె పక్క మంచం నాయనమ్మది. నిరుడు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ పోయిన ఆస్తి తిరిగొచ్చినట్టు, ప్రతి వస్తువునూ కళ్ళార్పకుండా చూడటం ఆవిడకు అలవాటైంది. మనవరాలినీ అలాగే చూసేది.

రెండో ఆదివారం, నోట్సు తెచ్చుకుంటానని తల్లికి చెప్పి, తుఫాను బస్సెక్కి టౌన్ హాలుకెళ్ళింది. వరండా ఊడుస్తున్న ఆవిడను బతిమాలితే, "చూస్తే అరిగిపోతుందా, చూసుకో తల్లీ" అని తలుపు తీసింది. తొమ్మిది మెట్లు. తర్వాత ఎత్తు గడప. లోపల పాత కాగితాల వాసన, వరసగా బల్లలు. కిటికీలు రెండు నిలువుల ఎత్తున ఉన్నాయి. ఎండ పడకుండా ఎప్పుడో వాటి అద్దాలకు ఆకుపచ్చ రంగు పూశారు. నాలుగు ట్యూబులైట్లలో ఒకటి వెలుగుతోంది, ఒకటి కొట్టుకుంటోంది.

తలుపుకు దూరంగా మధ్య బల్ల దగ్గర కూర్చుని సైన్సు పుస్తకం తెరిచింది. మొదట బాగానే ఉంది. రెండు పేజీలు చదివింది. మూడో పేజీలో అక్షరాలు ఒక్కొక్కటే నీళ్ళలో మునుగుతున్నట్టు మసకబారాయి. పుస్తకం ముక్కు దాకా తెచ్చుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఇంక కాగితమూ లేదు, అక్షరమూ లేదు. అంతా ఒకటే బూడిదరంగు.

"టైమెంతయిందండీ?" అని అరిచింది. ఆ గొంతు తనదేనా అనిపించింది.

"నాలుగుంబావు కూడా కాలేదు తల్లీ. మబ్బేసింది కదా" అంది వరండాలోంచి ఆవిడ.

నాలుగుంబావు. రెండున్నర గంటల ప్లాను కూడా అక్కడితో పోయింది.

బస్సు కోసం చూస్తే వెలుతురు అయిపోతుందని నడక మొదలుపెట్టింది. గోడలు పట్టుకుంటూ, ఒక చెయ్యి ముందుకు చాపి, పరుగులాంటి నడక. రోడ్డు పక్క నీళ్ళ గొట్టాల కోసం తవ్విన గుంట ఉందని ఆమెకు తెలియలేదు. ఒక కాలు గాల్లోకి వెళ్ళింది. ఆ వెనకే మనిషి మొత్తం వెళ్ళింది. గుంట లోతు నడుం దాకానే. కానీ పడుతున్నంతసేపూ దానికి అడుగుందో లేదో ఆమెకు తెలియదు.

ఎవరో ఇద్దరు మనుషులు చేతులు పట్టి పైకి లాగారు. "ఇంత వెలుతుర్లో చూసుకోవద్దా అమ్మా?" అన్నాడొకాయన.

ఇంత వెలుతురు. ఆ మాట గుంట కంటే ఎక్కువ భయపెట్టింది.

మోకాలు చీరుకుపోయి, ఒక చెప్పు తెగి ఇంటికి చేరింది. తల్లి కుట్టుమిషను దగ్గర్నుంచి లేచొచ్చింది. ఆమె ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఒళ్ళంతా దారప్పోగులతో కింద కూర్చుని గాయం కడుగుతూ, "కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తావే? పరీక్షల ముందు కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే ఎవరికే నష్టం?" అని తిట్టింది.

మర్నాడు సాయంత్రం తల్లి బట్టలివ్వడానికి బయటికెళ్ళింది. ఇంకా దీపం వెయ్యలేదు. "తల్లీ, ఈ మందు సీసా అందుకుని అలమర్లో పెట్టు" అంది నాయనమ్మ మంచం మీద నుంచి.

తుఫాను గొంతు వినపడిన వైపు వచ్చి చెయ్యి చాపింది. ఖాళీ గాలి. ఇంకొంచెం చాపింది. సీసా ఆమె మోచేతి పక్కనే, జానెడు దూరంలో ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది నాయనమ్మ.

"ఏంటి నాయనమ్మా?"

"నా దగ్గరా దాస్తావు? ఆపరేషన్ ముందు ఏడాదిపాటు నేనూ ఇలాగే తడుముకుంటూ తిరిగాను. అడుగెయ్యడానికి ముందు నేలను కాలితో ముట్టుకుని చూడటం చూపున్నవాళ్ళు చెయ్యరు. నెల రోజుల్నుంచి చూస్తున్నాను నిన్ను."

తుఫాను మంచం పక్కన కూలబడి ముసలావిడ ఒళ్ళో మొహం దాచుకుంది. రెండేళ్ళ నుంచి గొంతులో ఉన్నదంతా చెప్పింది. చెబుతూనే, "ఎవరికీ చెప్పొద్దు. పరీక్షలయ్యేదాకా చెప్పొద్దు. ఒట్టెయ్యి. నీ కళ్ళ మీద ఒట్టెయ్యి" అని ఆవిడ చేతులు పట్టుకుని ఊపేసింది. పిల్ల ఒళ్ళు జ్వరమొచ్చినట్టు కదిలిపోతుంటే చూడలేక నాయనమ్మ ఒట్టేసింది.

ఒట్టయితే వేసింది గానీ ఆ తర్వాత ఆవిడకూ కంటి మీద కునుకు లేదు. ఆవిడకు ఒక అన్న ఉండేవాడు. పొద్దుగూకితే చాలు, గడప దాటేవాడు కాదు. దయ్యాలకు భయపడతాడని ఊరంతా నవ్వేది. తనూ నవ్వింది. చీకట్లోంచి 'ఊఁ' అని బెదిరిస్తే పెద్దపిల్లాడు ఏడ్చేవాడు. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి పగలు కూడా బయటికి రావడం మానేశాడు. పిరికితనం ముదిరిందన్నారు. అన్నకు కనపడేది కాదేమోనన్న ఆలోచన డెబ్భై ఏళ్ళు దాటాక, ఆ సాయంత్రం, మొదటిసారి వచ్చిందావిడకు.

మరో రెండు వారాలకు బడిలో ప్రీఫైనల్ పరీక్షలు మొదలయ్యాయి. అసలు పరీక్షల్లాగే అలవాటవుతుందని వీటినీ మధ్యాహ్నమే పెట్టారు. మూడో రోజు లెక్కలు. మూడింటికి వాన పట్టుకుంది, మూడుంబావుకు కరెంటు పోయింది. "కిటికీలు తీసుకుని రాయండి, బాగానే కనపడుతోంది" అన్నారు కాపలా ఉన్న మాస్టారు. అందరి పెన్నులూ మళ్ళీ కదిలాయి. తుఫాను తల ఎత్తలేదు. లేచి చెబితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఎడంచేతి వేలిని కాగితం అంచున ఆనించి, అందాజుగా వరస పట్టుకుని, గుర్తున్న లెక్కలన్నీ రాస్తూ పోయింది. పెన్ను కాగితం మీద నడుస్తోందా, బల్ల మీద నడుస్తోందా అన్నది కూడా చప్పుడును బట్టే పోల్చుకుంది.

సోమవారం లెక్కల టీచరు ఆమెను స్టాఫ్ రూముకు పిలిపించింది. ఆవిడే క్లాసు టీచరు కూడా. మామూలుగా ఆవిడ పిలిస్తే పిల్లలకు ముచ్చెమటలు పోస్తాయి. బల్ల మీద జవాబుల కాగితం పరిచి ఉంది. ఒక వరస మీద ఇంకో వరస, దాని మీద మరొకటి. ఒక పేజీలో అంకెలన్నీ కలిసి నల్లటి ముద్దయ్యాయి. పక్క పేజీలో సగం ఖాళీ.

"ఇదేంటమ్మా?"

"పెన్ను సరిగ్గా రాయలేదు టీచర్."

"పెన్ను బాగానే రాసింది. ఒకేచోట మూడుసార్లు రాసింది." టీచరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "కష్టపడి విడదీసి చదివాను. చదవగలిగినవన్నీ కరెక్టే. అల్లరి చేసేవాళ్ళు ఇలాంటి జవాబులు రాయరు. నీకు కనపడటం లేదు కదూ?"

"కనపడుతుంది టీచర్. బాగా కనపడుతుంది."

టీచరు రెట్టించలేదు. సొరుగులోంచి ఒక ఫారం తీసి మడిచి ఇచ్చింది. "ప్రత్యేక ఏర్పాట్లు కావాల్సినవాళ్ళు పెట్టుకునేది ఇది. కంటి డాక్టరు రాసివ్వాలి, మీ నాన్న సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రం లోపల పరీక్షల ఆఫీసుకు చేరకపోతే ఆ తర్వాత కాళ్ళావేళ్ళా పడ్డా తీసుకోరు. అవసరం లేకపోతే చింపెయ్. ఉంటే మాత్రం నాన్నకివ్వు."

తుఫాను చింపలేదు. ఇవ్వనూ లేదు. ఆ ఫారం సోషల్ పుస్తకంలో సోమవారం రాత్రి పడుకుంది, మంగళవారం పడుకుంది. అది ఆ పుస్తకంలో ఉన్నంతసేపూ ఆమె ఆ పుస్తకం తెరవలేకపోయింది. బుధవారం రాత్రి అన్నాలయ్యాక, ఇవాళ ప్లానులో సోషల్ ఉంది కదా, చదవవేం అని తల్లే ఆ పుస్తకం తీసిచ్చింది. మడతపెట్టిన కాగితం జారి నాయనమ్మ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ తీసి, దీపం కింద పెట్టుకుని, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది.

"అబ్బాయ్, ఇలా రా" అంది కొడుకును.

"నాయనమ్మా!" అని అరిచింది తుఫాను. "ఒట్టేశావు! కళ్ళ మీద ఒట్టేశావు!"

"వేశాను. తప్పితే ఏమవుతుంది, ఇవి పోతాయి, అంతేగా? పోనీ. డెబ్భై రెండేళ్ళు చూశాను, చాలు నాకు" అంది నాయనమ్మ. ఆ తర్వాత తెలిసిందంతా కొడుక్కూ కోడలికీ చెప్పింది.

తండ్రి విన్నాక కూతురి ఎదురుగా కూర్చుని, చెయ్యి ఆమె చెవికి సూటిగా, మూరెడు దూరంలో చాపి పట్టుకున్నాడు. "నా మొహమే చూడు. ఎన్ని వేళ్ళు?"

"ఎక్కడ నాన్నా?" అంది తుఫాను.

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. "రోజూ అదే మాట అన్నానే నిన్ను. రోజూ అన్నాను" అని గొణిగింది. ఆ వెంటనే అత్తగారి వైపు తిరిగింది. "మూడు వారాల నుంచి మీకు తెలుసా అత్తయ్యా? తెలిసి ఊరుకున్నారా? ఈ మధ్యలో దానికేమన్నా అయ్యుంటే?" నాయనమ్మ తల దించుకుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ సముదాయించలేదు. అందరూ ఎవరి భయంతో వాళ్ళు పడుకున్నారు.

గురువారం పొద్దున తండ్రి షెడ్డుకు కబురుపెట్టి కంటాసుపత్రికి తీసుకెళ్ళాడు. చుక్కలు వేశారు, కళ్ళు మండాయి. తర్వాత ఒక చీకటి గదిలో గిన్నెలాంటి మిషను ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. "మధ్యలోనే చూస్తూ ఉండు. ఎక్కడ చుక్క వెలిగినా ఈ మీట నొక్కు" అంది నర్సు.

ఒక చుక్క వెలిగింది, నొక్కింది. ఇంకొకటి, నొక్కింది. తర్వాత ఏమీ వెలగలేదు. కానీ మిషను టక్కుమంటూనే ఉంది. టక్కు, టక్కు, టక్కు. కొంతసేపటికి ఆమెకు అర్థమైంది. ప్రతి టక్కుకూ ఎక్కడో ఒక చుక్క వెలుగుతోంది. తనకు కనపడటం లేదు, అంతే. అప్పుడిక లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. నలభై దాకా లెక్కపెట్టి, ఏడుపు ఆపుకోలేక కళ్ళు మూసుకుంది.

డాక్టరు పెద్దావిడ, మెల్లిగా మాట్లాడే మనిషి. కంటి వెనక పొర అరిగిపోయే జబ్బని చెప్పింది. రాత్రి చూపు ముందు పోతుంది, తర్వాత పక్కలు. కొన్ని కుటుంబాల్లో వంశంలో వస్తుంది.

"మా అమ్మకు ఆపరేషన్ చేస్తే చూపొచ్చింది కదండీ. అలా చెయ్యరా?" అన్నాడు తండ్రి.

"అది వేరు, ఇది వేరు. పోయింది తెప్పించే మందు నా దగ్గర లేదు. లేనిది ఉందని చెప్పను."

"ఏం పెట్టమంటే అది పెడతాం డాక్టరుగారూ. ఎక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్తాం."

డాక్టరు తుఫాను వైపు చూసింది. "నువ్వేమైనా అడుగుతావా?"

"పరీక్షల దాకా ఉంటుందా?"

"చూపా? ఉంటుంది. మధ్య చూపు చాలామందికి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నీకెంతకాలమన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఏటా రా, కొలుద్దాం." కలం తీసి సర్టిఫికెట్ రాయడం మొదలుపెట్టింది.

బయట ఎండ సూదుల్లా గుచ్చుతోంది. తండ్రి ఆమె మణికట్టు పట్టుకుని నడిపించాడు. పట్టు ఎంత గట్టిగా ఉందంటే గాజు గుచ్చుకుంది. "నాన్నా, నొప్పి" అంటే వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. బస్టాపులో ఉన్నట్టుండి, "ఇక నిన్ను ఆ పేరుతో పిలవనే" అన్నాడు.

"వద్దు, అదే పిలువు. ఇప్పుడు కొత్త పేరుతో పిలిస్తే నాకింకా భయమేస్తుంది."

శుక్రవారం టీచరే దగ్గరుండి ఫారం నింపింది. "గంట ఎక్కువ టైము. అంటే ఆరున్నర దాకా" అని రాయబోయింది.

"టైము పెరిగితే ఇంకా చీకటి పడుతుంది టీచర్" అంది తుఫాను. చూపు గురించి ఆమె బయటి మనిషితో నిజం చెప్పడం అదే మొదలు.

టీచరు ఆగి, ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అవును కదూ. అయితే టేబుల్ లైటు కూడా రాద్దాం. లైటుకు ప్లగ్గు దగ్గరుండే సీటని కూడా రాద్దాం. లేకపోతే లైటిచ్చి ప్లగ్గివ్వరు మన వాళ్ళు." పెద్దక్షరాల పేపరు కూడా అడిగింది. నాలుగింటికి తనే ఆటో ఎక్కి వెళ్ళి ఫారం ఇచ్చి, రసీదు పట్టుకొచ్చింది.

జవాబు మాత్రం ఎంతకీ రాలేదు. ఒక వారం, రెండు వారాలు, మూడు. ఈలోగా తుఫాను గోడ మీది షీటు చింపేసింది. కొత్తది వేసింది. ఈసారి వెనకవైపు ఏమీ లేదు, అన్నీ ముందువైపే. ఏ రోజు ఏ పాఠం, ఏ ఆదివారం తల్లితో కలిసి హాలుకు నడక, ఏ సాయంత్రం దీపం కింద సాధన. వరసలు కలిసిపోకుండా ఉండటానికి తండ్రి షెడ్డులో నల్లటి అట్ట కోసుకొచ్చాడు. దాని మధ్యలో ఒక వరస పట్టేంత సన్నటి కిటికీ. అది కాగితం మీద పెట్టి ఆ సందులోనే రాయాలి, అయ్యాక కిందికి జరపాలి. మొదటి అట్టలో సందు ఇరుకైంది. రెండోదానిలో వంకరపోయింది. పాతికేళ్ళుగా తీగలాగినట్టు కోసే చెయ్యి వంకరపోవడం తల్లి గమనించింది. నాలుగోది కుదిరింది.

పరీక్షలు వారముందనగా ఆఫీసు నుంచి కాగితమొచ్చింది. గంట సమయం, దీపం, గోడ పక్క సీటు ఇచ్చారు. పెద్దక్షరాలు కుదరవన్నారు. అట్ట సంగతి కేంద్రం సూపరింటెండెంటు ఇష్టమన్నారు.

మొదటి రోజు ఆ సూపరింటెండెంటు అట్టను తీసుకుని తిరగేశాడు, వెలుతురుకు పెట్టి చూశాడు, అంచుల మీద గోరుతో గీకాడు. అట్ట పోతే రాత లేదు.

"ఎవరు చేశారిది?"

"మా నాన్నండి. బైండింగు చేస్తారు."

ఆయన ఇంకోసారి తిప్పి చూసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

దీపం వెలిగింది. దాని కింద పళ్ళెమంత వెలుగు. నాలుగయ్యాక ఆ పళ్ళెం తప్ప లోకంలో ఇంకేమీ మిగల్లేదు. అయిదున్నరకు గంట కొట్టారు. కుర్చీలు జరిగాయి, అడుగుల చప్పుళ్ళు తలుపు వైపు వెళ్ళిపోయాయి. అంత పెద్ద హాల్లో తనూ, ఎక్కడో ఆవులిస్తున్న కాపలా మాస్టారూ. అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఏడో ప్రశ్న చదువుతుంటే చోటు తప్పిపోయింది. మళ్ళీ వెతికింది, దొరకలేదు. పేపరంతా చీమల బారులా కదిలింది. ఈ వెలుగు కూడా ఆగిపోతే? దీపం కాదు, కళ్ళే ఆగిపోతే? ఇప్పుడే, ఇక్కడే అయిపోతే? ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు.

చివరికి ఏడో ప్రశ్న వదిలేసింది. అట్ట కిందికి జరిపి, ఎనిమిది అని అంకె వేసి, తెలిసిన మొదటి వాక్యం రాసింది. అది పూర్తయ్యేసరికి రెండోది గుర్తొచ్చింది.

ఆరున్నరకు కాగితాలు ఇచ్చేసి లేచేసరికి తలుపు ఎటుందో తెలియలేదు. "అమ్మా!" అంది. బయటున్నవాళ్ళకు వినపడేలా అలా పిలవడం ఎన్నడూ లేదు.

"ఇక్కడున్నా. నా గొంతు వైపు రా. కుడిచేతి వైపు బల్ల ఉంది, చూసుకో." చూసుకో అన్నందుకు తల్లి నాలుక కరుచుకుంది. తుఫానుకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. బయట ఇంకా కబుర్లు చెప్పుకుంటున్న పిల్లలందరి ముందూ తల్లి మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఎవరో గుసగుసలాడారు. ఎవరన్నది కనపడలేదు.

"భయమేసిందా?" అంది తల్లి వీధి మలుపు తిరిగాక.

"చచ్చేంత."

"నాక్కూడా. రెండింటి నుంచీ ఆ మెట్ల మీదే కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి."

ఇంకా అయిదు పేపర్లున్నాయి. అయిదు రోజులూ భయం వచ్చింది, ఏ రోజూ తక్కువ కాలేదు. నాలుగో రోజు దీపం పదినిమిషాలు ఆరిపోతే, ఆ పదినిమిషాలూ టైములో కలపమని తుఫానే లేచి అడిగింది. కలిపారు.

ఫలితాలొచ్చాయి. అన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో అనుకున్నన్ని రాలేదు, సోషల్లో అనుకోనన్ని వచ్చాయి. నాయనమ్మ మార్కుల కాగితాన్ని దీపం కింద పెట్టుకుని ఒక్కో అంకెనూ వేలు పెట్టి చదివింది.

జూన్‌లో తండ్రీకూతుళ్ళు కాలేజీలో చేరడానికి వెళ్ళారు. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా తల ఎత్తకుండానే, "ఏ గ్రూపమ్మా?" అన్నాడు.

"అది తర్వాత చెప్తానండి," అంది తుఫాను. "సాయంత్రం ఎన్నింటికి వదులుతారో ముందు చెప్పండి."